నా అనుభవం: కోయంబేడు లోడు నుంచి మా వీధి లిస్టు దాకా

మా ఆయనకు కరోనా పాజిటివ్ అని 2020 మే 10 సాయంత్రం చెప్పారు. మా వీధికి అడ్డంగా కట్టిన కర్రలు జూన్ 15న విప్పారు. మధ్యలో ఏం జరిగిందో ఈ జూన్ 18న కూర్చుని వరసగా రాస్తున్నాను. టీవీలో "ప్రైమరీ కాంటాక్టులను గుర్తించి క్వారంటైన్‌కు తరలించారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ప్రైమరీ కాంటాక్టులంటే పేషెంటును నేరుగా కలిసినవాళ్లు. ఆ గుర్తించడం ఎట్లా జరుగుతుందో, ఏమేం అడుగుతారో, అడిగించుకునేవాళ్లకు ఎట్లా ఉంటుందో మాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. రేపు ఇంకో ఇంటికి ఇదే పరిస్థితి వస్తే కాస్త తెలిసి ఉంటుందని రాస్తున్నా.

మాది గూడూరుకు దక్షిణాన, హైవేకి దగ్గర్లో చిన్న ఊరు. మా ఆయనకు సొంత బొలెరో పికప్ ఉంది. గూడూరు మార్కెట్‌లో నిమ్మకాయ బస్తాలు ఎత్తి మద్రాసు కోయంబేడులో దించుతాడు. ఖాళీగా రాకుండా అక్కణ్ణుంచి కూరగాయలు వేసుకొస్తాడు. లాక్‌డౌన్‌లోనూ నిత్యావసరాల బండ్లు ఆపలేదు కాబట్టి ఏప్రిల్ అంతా తిరిగాడు. చివరి లోడు మే 3 రాత్రి ఎత్తాడు. 4న మధ్యాహ్నం మూడు దాటాక ఇల్లు చేరాడు. 5న కోయంబేడు మార్కెట్‌నే మూసేశారు. అక్కడికి పోయొచ్చినవాళ్లకు నెల్లూరు, చిత్తూరు జిల్లాల్లో కూడా పాజిటివ్‌లు వస్తున్నాయని టీవీలో చూసి ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

7న వాలంటీరు వచ్చాడు. ప్రభుత్వం అప్పట్లో యాభై ఇళ్లకు ఒక వాలంటీరును పెట్టింది కదా, మా ఇళ్లు చూసే కుర్రాడు చిన్నప్పటి నుంచి మా కళ్ల ముందు పెరిగినవాడే. "అన్నా, కోయంబేడు పోయొచ్చినవాళ్ల పేర్లు పంపమన్నారు. నీ పేరు రాసుకోనా?" అన్నాడు. లోపల్నుంచి మా అత్త పోలేదని చెప్పమని సైగ చేస్తోంది. మా ఆయన కాసేపు ఆలోచించి రాసుకోమన్నాడు. అప్పటికే ముందురోజు నుంచి ఒళ్లు నొప్పులు, గొంతులో గరగర ఉన్నాయి. కత్తిరి ఎండల్లో బండి తోలినందుకు అనుకున్నాం.

8న పక్క టౌన్ ఆసుపత్రిలో ఆయనా, క్లీనరు కుర్రాడూ శాంపిల్ ఇచ్చారు. 9న ఫోన్ వచ్చింది. "అనుమానంగా ఉంది, ఇంట్లోనే విడిగా ఉండండి" అన్నారు. అనుమానమంటే ఏంటో మాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసిందేమంటే, ట్రూనాట్ మిషన్ మీద మొదట చేసింది వడపోత పరీక్ష. అందులో అనుమానం తగిలితే అప్పట్లో ఆర్‌టీపీసీఆర్ అనే ఇంకో పరీక్ష చేసి ఖాయం చేసుకునేవాళ్లు. అందుకని మధ్యలో ఒక రోజు పాజిటివూ కాదు, నెగటివూ కాదు. ఆ రోజు గడవడమే కష్టం. ఆయన బర్రె కొట్టంలో మంచం వేసుకున్నాడు. పళ్లెం గట్టు మీద పెట్టి నేను వెనక్కి జరిగితే ఆయనొచ్చి తీసుకునేవాడు. మా పాపకు తొమ్మిదేళ్లు. దూరం నుంచే నాన్నతో మాట్లాడుతూ, మధ్యమధ్యలో నా మొహం చూసేది.

10న సాయంత్రం ఆరింటికి ఖాయమైంది. ఎనిమిదికి 108 వచ్చింది. వెనకాలే ఎస్సై జీపు, ఎమ్మార్వో ఆఫీసువాళ్లు, బ్లీచింగ్ చల్లేవాళ్లు. ఆయన ఒక ప్లాస్టిక్ కవరులో రెండు లుంగీలు, తువ్వాలు, ఛార్జర్ పెట్టుకుని తల వంచుకుని ఎక్కాడు. మిద్దెల మీద నిలబడి జనం సెల్‌ఫోన్లలో తీస్తున్నారు. అంబులెన్సు హైవే ఎక్కేలోపే ఊరి వాట్సాప్ గ్రూపులో ఆయన పేరు, బండి నంబరుతో సహా తిరిగింది. పేషెంటు పేరు బయటపెట్టకూడదని తర్వాత ఎస్సై ఆ గ్రూపువాళ్లను పిలిచి మందలించాడు. మందలిస్తే మాత్రం ఏం లాభం, అప్పటికే చూడాల్సినవాళ్లందరూ చూసేశారు. జబ్బు సంగతి కంటే ఆ వీడియోనే నన్ను ఎక్కువ ఏడిపించింది.

తొమ్మిది దాటాక నర్సమ్మ వచ్చింది. ఏఎన్ఎం అని కాగితాల్లో ఉంటుంది, మాకు నర్సమ్మే. వెంట ఆశా వర్కరు. వాకిట్లో దూరంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "అక్కా, భోజనం చేశారా? పాపకు పెట్టావా?" అని అడిగింది. లేదంటే ముందు పాపకు పెట్టి రమ్మంది. పెట్టొచ్చేదాకా కూర్చుంది.

ఎవరెవర్ని కలిశారని మొదలుపెడుతుందనుకున్నా. ఆమె మొదట పట్టుకున్నది ఒక తేదీని. ఆయనకు ఒంట్లో బాగలేదని మొట్టమొదట ఎప్పుడు అనిపించింది? ఆసుపత్రిలో ఆయన 7 అని చెప్పాడట. నేను 6 అన్నాను. 6న సాయంత్రం పాల క్యాను మోయలేనని నన్ను మోయమన్నాడు, ఎప్పుడూ అట్లా అనడు. ఉదయం ఎట్లా ఉన్నాడు? ముందురోజు రాత్రి బాగా నిద్రపోయాడా? అన్నం ఎప్పటిలాగే తిన్నాడా? అట్లా అరగంట ఆ ఒక్క తేదీ మీదే. విసుగొచ్చి ఎందుకమ్మా ఇంత అన్నాను. లక్షణాలు బయటపడడానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి అంటించగలడట, ఆ రోజు నుంచి లిస్టు రాయాలట. "7 అని రాస్తే 5 నుంచి చూస్తాం. 6 అయితే 4 నుంచి. ఆ 4న అన్న ఎవరింట్లోనైనా కూర్చుని ఉంటే, తప్పు తేదీ రాసినందుకు వాళ్లను వదిలేసినట్టవుతుంది" అంది. ఆ తర్వాత నేను విసుక్కోలేదు.

6 అని తేలాక, 4 నుంచి ఒక్కో రోజూ విప్పమంది. నిన్న ఏం వండానో గుర్తుండని నాకు ఆరు రోజుల కిందటిది ఎట్లా గుర్తుంటుంది? అప్పుడు ఆమె చూపు గోడ మీది వెంకట్రామ క్యాలెండర్ మీద పడింది. మా అత్త సాయంత్రం ఇంటి దగ్గరే పాలు పోస్తుంది. ఎవరు ఎంత తీసుకున్నదీ ఆ తేదీ గడిలోనే పెన్సిలుతో రాస్తాను. పేరులో మొదటి అక్షరం, పక్కన అర లీటరుకు ఒక గుర్తు, పావుకు ఒక గుర్తు. నెలాఖరుకు డబ్బులు వసూలు చేసుకునే లెక్క అది. నర్సమ్మ టార్చి వేసి ఆ పేజీ ఫోటో తీసుకుంది. ఒక్కో అక్షరం ఎవరిదో చెప్పించుకుని రాసుకుంది. గడిలో అక్షరం చూడగానే ఆ రోజంతా నాకు గుర్తొచ్చేసింది. 5న రెడ్డిగారింటి కోడలు రాలేదు, వాళ్ల మామ వచ్చాడు. 8న చినుకులు పడితే ఇద్దరు వసారాలోకి వచ్చి నిలబడ్డారు.

"పాలు తీసుకునేవాళ్లు సరే అక్కా. పాలు పిండేలోపు వచ్చి కూర్చునేవాళ్లు ఎవరు?" అంది.

ఆ మాట ఎవరికీ తట్టదు. గిన్నె పట్టుకొచ్చి పోయించుకుని వెళ్లేవాళ్లు వేరు, ముందే వచ్చి మా అత్త పక్కన అరుగు మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు వేరు. అట్లాంటివాళ్లు ముగ్గురు. అందులో వెనక వీధిలో జాకెట్లు కుట్టే ఆమె రోజూ వస్తుంది. అరుగు మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారో మా అత్తను చూపించమంది, ఆశా వర్కరు అడుగులతో కొలిచింది. ఒకే ఇంట్లో ఉండేవాళ్లు, ముట్టుకున్నవాళ్లు, తుంపర్లు పడినవాళ్లు, బట్టలు, గిన్నెలు కడిగినవాళ్లు, మాస్కు లేకుండా మీటరు లోపల ఉన్నవాళ్లు హైరిస్కు. అదే చోట ఉన్నా అంత దగ్గరికి రానివాళ్లు లోరిస్కు. అరుగు మీది ముగ్గురూ మా ఆయన దగ్గరికి రాలేదు, అత్త దగ్గర కూర్చున్నారు. అందుకని వాళ్ల పేర్లు వేరే పేజీలో రాసింది. "ఇప్పటికి వీళ్లు సెకండరీ. అవ్వకు వచ్చిందంటే వీళ్లే ప్రైమరీ అవుతారు" అని మా అత్త వినకుండా నాతో అంది.

పదకొండవుతుండగా, ఇంక అయిపోయిందనుకుంటే, రాసిందంతా మళ్లీ మొదట్నుంచి చదివి 4వ తేదీ దగ్గర ఆగింది. తమిళనాడు సరిహద్దులో తడ చెక్‌పోస్టు దాటింది ఉదయం పదికి అని ఉంది. ఇంటికొచ్చింది మధ్యాహ్నం మూడు దాటాక. గంటంబావు దారి. కూరగాయలు దించడానికి ఇంకో గంట వేసుకున్నా మిగతా టైము ఏమైంది?

నాకు నిజంగా తెలియదు. ఆయనకు ఫోన్ చేశాను. నెల్లూరు ఆసుపత్రిలో అప్పుడే మంచం చూపించారట. మొదట టీ తాగడానికి ఆగానన్నాడు. తర్వాత టైరు చూపించుకున్నానన్నాడు. నర్సమ్మ ఫోన్ తీసుకుని "అన్నా, ఎవర్నీ అరెస్టు చేయడానికి కాదు. అక్కడ చిన్నపిల్లలున్నారా?" అంది. అవతల చాలాసేపు మాట లేదు. చివరికి చెప్పాడు. దారిలో మా ఆడబిడ్డ ఊళ్లో ఆగి, కూరగాయలిచ్చి, అక్కడే అన్నం తిని, గంటసేపు పడుకున్నాడు. ఆమె బాలింత, బిడ్డకు నెల కూడా నిండలేదు. పేరు చెబితే పసిబిడ్డతో సహా బస్సెక్కించి ఏదో హాస్టల్లో పడేస్తారని భయం. ఆయన భయం నాకు అర్థమైంది, నేనైనా భయపడేదాన్ని. కానీ చెప్పకపోతే ఆ బిడ్డను ఎవరు చూస్తారు? నర్సమ్మ అక్కడి ఏఎన్ఎంకు అప్పటికప్పుడు ఫోన్ కలిపింది. బాలింత కాబట్టి ఇంట్లోనే ఉంచి, రోజూ వెళ్లి చూస్తామన్నారు. అట్లాగే చూశారు. ఆమెకు, ఆమె భర్తకు పరీక్ష చేస్తే నెగటివ్ వచ్చింది, కానీ ఆ కబురు రావడానికి మే 14 దాకా పట్టింది. ఆ నాలుగు రోజులూ మా అత్త కొడుకు గురించి కాదు, మనవడి గురించి ఏడ్చింది.

11 ఉదయం మమ్మల్ని క్వారంటైన్‌కు తీసుకెళ్లారు. అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది, ఇంట్లో గొడ్డు ఉంటే దాని గతి ఏంటి? బస్సు వచ్చి నిలబడింది, బర్రె అరుస్తోంది. మా కొట్టంలోకి అడుగు పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. వాళ్లను తప్పు పట్టను, ఎవరి పిల్లలు వాళ్లకున్నారు. చివరికి మా అత్తకు వరసకు అన్నయ్యే ఒక పెద్దాయన నేను చూసుకుంటానన్నాడు. నర్సమ్మ ఆయనకు గ్లౌజులు, మాస్కులు ఇచ్చింది. పాలు కొనేవాళ్లు ఎట్లాగూ ఉండరు, దూడను విప్పేయమన్నాం. ఉన్న పాలన్నీ అదే తాగింది.

క్వారంటైన్ ఒక కాలేజీ హాస్టల్లో. గదికి ఒక కుటుంబం. పాలు, కోడిగుడ్డు, అరటిపండు, రెండు పూటలా భోజనం బాగానే ఇచ్చారు. బాత్రూములు మాత్రం అంతమందికీ కలిపి మూడే, నీళ్లు పొద్దున ఆగిపోయేవి. జబ్బు అంటకూడదని తెచ్చిన చోట అందరూ ఒకే కుళాయి తిప్పాలా అని అడిగితే, రెండు రోజులకు బయట ఇంకో డ్రమ్ము పెట్టారు. అడగందే పెట్టరు, అడగండి. వెళ్లేటప్పుడు ఒక బకెట్, మగ్గు, బట్టలారేసే తాడు, ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బాక్సు, నెలకు సరిపడా బీపీ షుగర్ మాత్రలు పెట్టుకోవాలి. మా అత్త షుగర్ మాత్రలు నాలుగు రోజులకే అయిపోతే, వాటిని తెప్పించడానికి ఒక పూట పట్టింది.

వెళ్లగానే పరీక్ష చేస్తారనుకున్నాం. చేయలేదు. మనల్ని పట్టించుకోవట్లేదని పాప తప్ప అందరం గొడవపడ్డాం. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. లక్షణాలు లేని కాంటాక్టుకు కలిసిన ఐదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల పరీక్ష చేయాలని అప్పటికి ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) పెట్టిన నియమం. అంతకు ముందు చేస్తే లోపల ఉన్నా దొరక్కపోవచ్చు, నెగటివ్ అని ధైర్యంగా ఇంటికి పోయి నలుగురికీ అంటిస్తారు. మేం ఆయనతో చివరిగా ఉన్నది 10న. కాబట్టి 15న చేస్తారు. కారణం తెలిశాక ఎదురుచూపు కొంచెం తేలికైంది. ఆ మాట మొదటిరోజే ఒక కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తే ఆ గొడవే ఉండేది కాదు.

15న శాంపిల్ తీశారు. ముక్కులో పుల్ల లోతుగా పెడతారు, కళ్ల వెంట నీళ్లొస్తాయి, క్షణంలో అయిపోతుంది. గొంతులోది పిల్లలకు కష్టం. పాప వాంతి చేసుకున్నంత పనైంది. పుల్లను గులాబీరంగు నీళ్లున్న చిన్న గొట్టంలో విరిచి వేసి, మూత పెట్టి, పేరు అంటించారు. ఆ పేరు చూసుకోండి. పక్క గది ఆమె ఇంటి పేరు తప్పు రాస్తే ఆమే గమనించి దిద్దించింది.

16 రాత్రి ఫలితం. నాకూ పాపకూ నెగటివ్. అత్తకు పాజిటివ్. ఆమెకు అరవై మూడేళ్లు, షుగర్. నాతో "నాకేం లేదు, వాడి దగ్గరికే కదా తీసుకుపోయేది, మంచిదేలే" అని నవ్వుతూ అంబులెన్సు ఎక్కింది. నాకు కాళ్లాడలేదు. ఆ రాత్రే నర్సమ్మ ఫోన్ చేసింది, మళ్లీ అదే తేదీ ప్రశ్న. అవ్వకు దగ్గు ఎప్పుడు మొదలైంది? 10న తుమ్ములు, కొంచెం జలుబు ఉన్నాయని, బ్లీచింగ్ వాసనకు అనుకున్నానని అత్త ఒప్పుకుంది. అంటే 8 నుంచి చూడాలి. అరుగు మీది ముగ్గురి పేర్లు అప్పటికే వేరే పేజీలో సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారి 17న వాళ్ల శాంపిల్స్ తీశారు, 18న జాకెట్లు కుట్టే ఆమెకు పాజిటివ్ వచ్చింది. మిగతా ఇద్దరికీ లేదు. పేర్లు రాసి పెట్టుకోకపోతే, ఆమె ఇంకో వారం ఇల్లిల్లూ తిరిగి కొలతలు తీసుకునేది.

ఆమె నాకు ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయను. మా కుటుంబం వల్ల తన పిల్లాడు ఒంటరివాడయ్యాడని ఆమె బాధ. నేను సమాధానం చెప్పలేదు.

అప్పటికే ఊళ్లో మా పేరు మారుమోగుతోంది. 14న మా వీధి చివర అంగడాయనకు పాజిటివ్ వచ్చి, అది కూడా మా బండి తెచ్చిందేనని జనం తీర్మానించారు. నాకు ఫోన్లు ఆగలేదు. కొందరు తిట్టడానికే చేశారు. దీన్ని విప్పింది కూడా నర్సమ్మే. అంగడాయన దగ్గర కూర్చుని అదే అరగంట ప్రశ్న అడిగింది. ఆయనకు జ్వరం మొదలైంది మే 3న. మా ఆయనకు గొంతు గరగర మొదలైంది 6న. ఈయన ఆ అంగడి మెట్లు ఎక్కక చాలా రోజులైంది. వెనక్కి తవ్వితే, ఏప్రిల్ చివర్లో అంగడాయన వేరే బండిలో తనే కోయంబేడు పోయి ఉల్లిగడ్డలు తెచ్చుకున్నాడని బయటపడింది. వాలంటీరు వచ్చి అడిగినప్పుడు పోలేదన్నాడట. ఈ సంగతి ఆమె ఊళ్లో చాటలేదు, చాటదు కూడా. పంచాయతీ దగ్గర పెద్దమనుషులు మమ్మల్ని అంటున్నప్పుడు మాత్రం "ఆయనకు జ్వరం ముందే ఉంది, బండి తర్వాత వచ్చింది" అని ఒక్క మాట అందట. ఆ మాట వాలంటీరు ఫోన్లో చెప్పినప్పుడు నేను హాస్టల్ వరండాలో నిలబడి ఉన్నాను. చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా పీల్చుకున్నట్టు అనిపించింది.

మా ఆయన్ని 19న డిశ్చార్జి చేశారు. దీని మీద ఇంకో గొడవ. ఆసుపత్రి నుంచి పంపేముందు పరీక్ష చేసి నెగటివ్ చూపించలేదని వీధిలో అడ్డుపడ్డారు. మే 8న కేంద్రం డిశ్చార్జి నియమం మార్చింది. లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్లకు మొదలై పది రోజులు దాటి, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే మళ్లీ పరీక్ష అక్కర్లేదని, ఇంట్లో ఇంకో ఏడు రోజులు విడిగా ఉండాలని పెట్టింది. డిశ్చార్జి కాగితంలో అది రాసి ఉంది. పీహెచ్‌సీ డాక్టరు వచ్చి వీధిలో నిలబడి చదివి వినిపించాక దారిచ్చారు. మీకూ ఆ కాగితం ఇస్తే జేబులోనే పెట్టుకోండి. ఖాళీ ఇంట్లో ఆయనొక్కడే, బర్రెను మళ్లీ ఆయనే చూసుకున్నాడు.

నాకూ పాపకూ 24న రెండోసారి శాంపిల్ తీసి, 26న పంపించారు. వచ్చేటప్పుడు ప్రభుత్వం తరఫున 2000 రూపాయలు చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. అత్త జూన్ 1న వచ్చింది. ఆక్సిజన్ దాకా పోలేదు, షుగర్ మాత్రం బాగా పెరిగింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. వైద్యానికి, తిండికి మేం ఒక్క రూపాయి పెట్టలేదు. పోయింది మిగతా దారుల్లో. కోయంబేడు మండీ నుంచి రావలసిన బాడుగ పన్నెండు వేలు మార్కెట్ మూతపడడంతో అక్కడే ఆగింది. నెలన్నర పాల డబ్బులు లేవు. బండి కంతు నెలకు పదమూడు వేలు. రిజర్వు బ్యాంకు మారటోరియం, అంటే కంతులు కొన్నాళ్లు ఆపుకునే వీలు, ఇచ్చి, దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించింది కాబట్టి కట్టమని ఎవరూ రాలేదు, కానీ వడ్డీ మీద పడుతూనే ఉంటుందని ఫైనాన్స్ కుర్రాడు చెప్పాడు. క్లీనరు కుర్రాడికీ పాజిటివ్ వచ్చింది, దగ్గు జలుబు ఏమీ లేవు. వాడి తల్లికి బియ్యం పంపాల్సింది మేమే కదా, పంపాం.

మేం ఇంటికొచ్చాక నర్సమ్మ ఒక తెల్లకాగితం చూపించింది. పెన్సిలుతో సున్నాలు, వాటి మధ్య బాణాలు, పక్కన తేదీలు. మా ఆయన, క్లీనరు ఒకే గీత మీద, ఇద్దరికీ పైన కోయంబేడు అని ఉంది. ఇద్దరిలో ఎవరి నుంచి ఎవరికో, ఇద్దరికీ అక్కడే వచ్చిందో తేలలేదట. మా ఆయన నుంచి అత్తకు ఒక బాణం. అత్త నుంచి జాకెట్లు కుట్టే ఆమెకు ఇంకోటి. కానీ ఆమె రోజూ అంగడికీ పోతుంది కాబట్టి అంగడాయన నుంచి కూడా ఆమెకు ఒక బాణం వేసి, రెండింటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టింది. మరి ఎవరి నుంచి అంటావు అని అడిగాను. "అది తేల్చడం నా పని కాదక్కా. ఈమె తర్వాత ఎవరికి పోకూడదో, అదీ నా పని" అంది. ఆ సున్నా కింద గీత గీసేసి ఉంది. ఆమె కొడుకుకు, పక్కింటివాళ్లకు, ఆ వారంలో కొలతలు ఇచ్చిన ఆడవాళ్లకు, అందరికీ నెగటివ్. మే 18 తర్వాత మా వీధిలో కేసు రాలేదు. ఇరవై ఎనిమిది రోజులు లెక్కపెట్టి జూన్ 15న కర్రలు విప్పారు.

పాలకు వచ్చేవాళ్లలో సగం మంది తిరిగొచ్చారు. జాకెట్లు కుట్టే ఆమె రావడం లేదు. ఆమె కొడుకు మాత్రం వచ్చి పావు లీటరు తీసుకుపోతున్నాడు. వాళ్లమ్మకు తెలిసే పంపిస్తోంది, నేనేం అడగట్లేదు. మద్రాసులో రేపు, జూన్ 19 నుంచి మళ్లీ లాక్‌డౌన్ అంటున్నారు కాబట్టి బండి ఇంటి ముందే ఉంది.

నిన్న నర్సమ్మ అత్తకు షుగర్ చూడడానికి వచ్చింది. పక్క ఊళ్లో మద్రాసు నుంచి వచ్చిన ఒకాయనకు మొన్న పాజిటివ్ వచ్చిందట. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తేదీలు చెప్పలేక ఏడుస్తున్నారట. "నీ నంబరు వాళ్లకు ఇవ్వనా అక్కా?" అని అడిగింది. ఇవ్వమన్నాను. రాత్రి ఆ ఇంటి ఇల్లాలు ఫోన్ చేసింది. గోడ మీద క్యాలెండరుందా, పాలవాడి లెక్కో గ్యాసు బండ తేదీయో ఏదైనా రాసుంటే తీసి ముందు పెట్టుకోమన్నాను. బకెట్, తాడు, మాత్రలు చెప్పాను. వాళ్లకు రెండు మేకలున్నాయట. బస్సు వచ్చేలోపే వాటిని ఎవరికైనా అప్పజెప్పమన్నాను.